నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్న లింకు మామయ్య ఫోన్‌లో ఎందుకు తెరుచుకోదు?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆత్రేయపురం దగ్గర ఒక ఊరు. అమ్మా, పిన్నీ పూతరేకులు చేస్తారు. ఇప్పటిదాకా ఆర్డర్లన్నీ ఫోన్ మీదే. సొంత సైటు ఒకటి ఉంటే బాగుంటుందని వీడియోలు చూసి వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకుని, నోట్‌ప్యాడ్‌లో నాలుగు పేజీలు తయారుచేశాను. మా పేజీల లింకులన్నీ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకున్నాయి. పేజీలను నెట్‌లో ఉంచే హోస్టింగ్‌లోకి ఎక్కించి హైదరాబాద్‌లో ఉన్న మామయ్యకు పంపితే, ‘ధరలు’ నొక్కితే ఏమీ కావడం లేదన్నారు. ‘ఫోటోలు’ నొక్కితే 404, అంటే పేజీ దొరకలేదు, అని వస్తోందట. వికీపీడియాలో మా ఊరి వ్యాసానికి ఇచ్చిన లింకు నా దగ్గరే తెరుచుకోలేదు, నెట్‌లో పెడితే సర్దుకుంటుందనుకున్నాను, అక్కడా 404. వాట్సాప్ లింకు నొక్కితే నంబర్ సరైంది కాదంటోంది. పైగా ఫోన్ నంబర్ దగ్గర మొదలై కింద పేజీ అంతా నీలం రంగులోకి మారి గీతలు పడ్డాయి. వచ్చే నెల డబ్బాల మీద క్యూఆర్ కోడ్ ప్రింట్ చేయిద్దామనుకుంటున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్ జత చేశాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

సమాధానం: ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. మీ కోడ్ మొత్తం రెండుసార్లు చదివాను. పేజీలు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా అనవసరమైన హంగులు లేవు. తప్పులు ఐదే. వాటిలో నాలుగింటికి మూలం ఒక్కటే: చిరునామాలను మీరు మీ ఇంట్లో నిలబడి రాశారు. లింకు నొక్కేవాళ్ళు మీ ఇంట్లో ఉండరు కదా.

ఊళ్ళో మనిషికి దారి చెప్పాలంటే ‘రామాలయం పక్క సందులో మూడో ఇల్లు’ అంటే చాలు. హైదరాబాద్ నుంచి పార్సిల్ పంపేవాళ్ళకు అది చాలదు, ఊరు, మండలం, పిన్‌కోడ్ అన్నీ కావాలి. లింకులూ ఇంతే. ఎక్కడ ఊళ్ళో దారి చాలు, ఎక్కడ పూర్తి చిరునామా కావాలి అన్నది తెలిస్తే సగం కష్టం తీరిపోతుంది.

లింకు ఎలా రాయాలో మొదట మీ ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తున్నట్టు చెబుతాను. టైప్ చేసేటప్పుడు ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. లెస్‌దేన్ గుర్తు (<), వెంటనే ‘ఏ’ అనే ఒక్క అక్షరం, ఒక ఖాళీ, ‘హెచ్‌రెఫ్’, ఈక్వల్ గుర్తు, డబుల్ కోట్స్ మధ్య చిరునామా, ఆ తర్వాత గ్రేటర్‌దేన్ గుర్తు (>). ఇది తలుపు తెరవడం. తర్వాత చూసేవాళ్ళకు కనిపించే మాట, మీ పేజీలో అయితే ‘ధరల పట్టిక’. చివర లెస్‌దేన్, స్లాష్, ‘ఏ’, గ్రేటర్‌దేన్. ఇది తలుపు వేయడం. ‘ఏ’ అంటే యాంకర్, లంగరు. హెచ్‌రెఫ్ అంటే హైపర్‌టెక్స్ట్ రెఫరెన్స్, అంటే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే చోటు. ఇంతకుమించి లింకులో దాగిన రహస్యం ఏమీ లేదు.

పేజీ నీలంగా మారడానికి కారణం ఇక్కడే ఉంది. ఫోన్ నంబర్ లింకు దగ్గర మీరు తలుపు తెరిచి, వేయడం మర్చిపోయారు. ముగింపు ట్యాగ్, అంటే ఆ తలుపు వేసే ముక్క, కనిపించకపోతే బ్రౌజర్ కింద ఉన్నదంతా అదే లింకులో భాగమనుకుంటుంది. నంబర్ అయిపోయిన చోట ముగింపు పెట్టండి, నీలం రంగు అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు ‘ధరలు’ సంగతి. కోట్స్ మధ్య మీరు రాసిన చిరునామా ‘ఫైల్’ అనే మాటతో మొదలై, మూడు స్లాష్‌లు, సీ డ్రైవ్, యూజర్స్, మీ పేరు, డెస్క్‌టాప్, చివర ఫైలు పేరుతో ముగుస్తోంది. ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో ఉన్నది కాపీ చేసి అతికించి ఉంటారు. అది మీ ల్యాప్‌టాప్ లోపలి అలమర చిరునామా. మామయ్య ఫోన్‌లో సీ డ్రైవ్ లేదు, మీ డెస్క్‌టాప్ లేదు. పైగా నెట్‌లో ఉన్న పేజీ నుంచి ఇలా కంప్యూటర్ లోపలి ఫైళ్ళకు వెళ్ళే లింకులను బ్రౌజర్లు భద్రత కోసం ఆపేస్తాయి. అందుకే ఆయనకు కనీసం 404 కూడా రాలేదు, ఏమీ జరగలేదు.

దాన్ని తీసేసి కోట్స్ మధ్య ఉత్త ఫైలు పేరు రాయండి, ‘ధరలు డాట్ హెచ్‌టీఎంఎల్’ అని. మీ నాలుగు పేజీలూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి కాబట్టి ఊళ్ళో దారి చాలు. ‘ఇదే ఫోల్డర్‌లో ఈ పేరుతో ఉన్న పేజీ’ అని బ్రౌజర్ అర్థం చేసుకుంటుంది. ఇలా రాస్తే ఫోల్డర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్ నుంచి హోస్టింగ్‌కు మార్చినా, రేపు ఇంకో హోస్టింగ్‌కు మార్చినా లింకు చెదరదు. ఫోటోల పేజీలను వేరే ఫోల్డర్‌లో పెడితే ఆ ఫోల్డర్ పేరు, స్లాష్, ఫైలు పేరు రాయాలి. ఆ లోపలి ఫోల్డర్ నుంచి మళ్ళీ మొదటి పేజీకి రావాలంటే ముందు రెండు చుక్కలు, స్లాష్ పెట్టాలి. రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకి ఎక్కమని.

‘ఫోటోలు’ 404 ఎందుకొచ్చిందో నాకు చూడగానే తెలిసింది, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న గ్రంథాలయం వాళ్ళకు పేజీలు చేసిచ్చాను. పాత పుస్తకాల అట్టల ఫోటోలన్నీ నా కంప్యూటర్‌లో కనిపించాయి, నెట్‌లో ఒక్కటీ కనిపించలేదు. రెండు రాత్రులు కూర్చున్నాను. చివరికి చూస్తే, కెమెరా ఫైలు పేరు చివర ‘జేపీజీ’ని పెద్ద అక్షరాల్లో పెట్టింది, నేను లింకులో చిన్న అక్షరాలు రాశాను. విండోస్‌కు పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటే. హోస్టింగ్ సర్వర్లు ఎక్కువగా లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, లినక్స్‌కు అవి రెండు వేరు వేరు పేర్లు. మీ ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దది, లింకులో చిన్నది. అందుకే మీ దగ్గర తెరుచుకుంది, అక్కడ తెరుచుకోలేదు.

ఈ బాధ మళ్ళీ రాకుండా ఇవాళే ఫైళ్ళ పేర్లన్నీ మార్చేయండి. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. రెండు మాటలు కావాలంటే మధ్యలో చిన్న అడ్డగీత పెట్టండి. మీ ఫైళ్ళలో ఒకదాని పేరులో రెండు ఖాళీలున్నాయి. బ్రౌజర్ ఒక్కో ఖాళీని %20 అని మార్చుకుని ఎలాగో పని నడిపిస్తుంది. కానీ ఆ చిరునామాను ఎవరైనా చేత్తో టైప్ చేసి వాట్సాప్‌లో పంపితే మొదటి ఖాళీ దగ్గరే లింకు తెగిపోతుంది.

వికీపీడియా లింకు దగ్గర తప్పు ‘ధరలు’ లింకు తప్పుకు తిరగబడి ఉంది. అక్కడ పూర్తి చిరునామా కావాలి, మీరు ఊళ్ళో దారి రాశారు. ‘టీఈ డాట్ వికీపీడియా’ అని మొదలుపెట్టారు గానీ ముందు ‘హెచ్‌టీటీపీఎస్’, కోలన్, రెండు స్లాష్‌లు లేవు. అవి లేకపోతే అది బయటి సైటు అని బ్రౌజర్‌కు తెలియదు. మీ ఫోల్డర్‌లోనే ఆ పేరుతో ఒక ఫైలు ఉందేమోనని వెతుకుతుంది, దొరకక 404 చూపిస్తుంది. ఆ 404 పేజీ తెరిచి అడ్రస్ బార్ చూడండి. మీ సైటు పేరు, దాని వెనకాలే వికీపీడియా పేరు అతుక్కుని కనిపిస్తాయి. ఇలా రెండు సైట్ల పేర్లు ఒకే చిరునామాలో కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ లోపాన్నే.

ఆ వ్యాసం చిరునామాను కాపీ చేసి అతికిస్తే తెలుగు పోయి శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ బారుగా వస్తాయి. చూసి భయపడకండి, అది తప్పు కాదు. ‘పూతరేకులు’ అన్న మాటే తీసుకోండి. మనం పలికేవి ఐదక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో గుణింతం గుర్తులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి అవి తొమ్మిది. ఒక్కోదానికీ మూడు బైట్లు, ఒక్కో బైటుకూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. అంటే ఈ ఒక్క మాటే చిరునామాలో 81 గుర్తులవుతుంది. బయటి సైట్ల విషయంలో అలాగే అతికించండి. మీ సొంత ఫైళ్ళకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి పేర్లు పెట్టుకోండి. పేజీలో కనిపించే మాట ఎలాగూ తెలుగులోనే ఉంటుంది.

వాట్సాప్ లింకులో నంబర్ ముందు మీరు సున్నా పెట్టారు. ‘డబ్ల్యూఏ డాట్ ఎంఈ’ తర్వాత స్లాష్ పెట్టి, 91, వెంటనే మీ పది అంకెలు రాయాలి. ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీ, అడ్డగీత ఏవీ ఉండకూడదు. దీని ముందు కూడా ‘హెచ్‌టీటీపీఎస్’ తప్పనిసరి. నొక్కగానే ఫోన్ కలవాలంటే అది వేరే లింకు: హెచ్‌రెఫ్‌లో ‘టెల్’, కోలన్, +91, పది అంకెలు. ఇక్కడ ప్లస్ ఉండాలి. సంక్రాంతికి రేకులు పంపమని అమెరికా నుంచి మీ చుట్టాలు ఫోన్ చేసినా ఇలా రాసిన లింకు కలుస్తుంది. సున్నాతో రాస్తే అక్కడి నుంచి కలవదు.

మీరు అడగనివి కూడా రెండు మూడు చెప్పాలి. ఇవి నా మనసుకు బాగా దగ్గరైన విషయాలు కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

మీ మొదటి పేజీలో ‘ధరల కోసం ఇక్కడ క్లిక్ చేయండి’, ‘ఫోటోల కోసం ఇక్కడ క్లిక్ చేయండి’, ‘ఆర్డర్ కోసం ఇక్కడ క్లిక్ చేయండి’ అని మూడుసార్లు ఉంది. మూడు చోట్లా లింకు ‘ఇక్కడ’ అన్న మాటకే ఇచ్చారు. చూపు లేనివాళ్ళు ఫోన్‌ను చెవితో వాడతారు. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పేజీని చదివి వినిపిస్తుంది. పేజీ అంతా వినే ఓపిక, తీరిక ఎవరికుంటుంది? వాళ్ళు లింకు నుంచి లింకుకు దూకుతూ పోతారు. మీ పేజీలో వాళ్ళకు వినిపించేది ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’. ఎక్కడికో తెలియదు. ‘ధరల పట్టిక’, ‘మేము చేసిన రేకుల ఫోటోలు’, ‘వాట్సాప్‌లో ఆర్డర్ ఇవ్వండి’ అన్న మాటలకే లింకు ఇచ్చి చూడండి. చూపున్నవాళ్ళు కూడా ఫోన్‌లో పేజీని పైపైన చూస్తూ పోతారు, నీలం మాటలే ముందు కంట పడతాయి. గూగుల్ కూడా అవతలి పేజీ దేని గురించో తెలుసుకోవడానికి లింకులోని మాటలను చూస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర రావడం వల్లనేమో, ‘నొక్కండి’ దాకా వెళ్ళి అక్కడ లింకు పెట్టడం మనకు అలవాటైపోయింది. లింకును నామవాచకానికి ఇవ్వండి.

తెలుగులోనే వచ్చే చిక్కు ఇంకొకటుంది. ‘పట్టికలో’, ‘రేకులకు’ లాంటి మాటల్లో విభక్తి మాటకు అతుక్కునే ఉంటుంది. లింకు మాటను ఎక్కడ ముగించాలి? విభక్తితో సహా మొత్తం మాటను లోపల పెట్టండి. మాట మధ్యలో, ముఖ్యంగా అక్షరానికీ దాని గుణింతానికీ మధ్య, లేదా వత్తుకు ముందు ముగింపు ట్యాగ్ పడితే కొన్నిసార్లు గుణింతం విడిపోయి చుక్కల సున్నా ఒకటి ప్రత్యక్షమవుతుంది. మీ మూడో పేజీలో ‘బెల్లం’ అన్న మాట దగ్గర ‘ల’కూ కింది వత్తుకూ మధ్య ట్యాగ్ పడింది. టైప్ చేసేటప్పుడు కర్సర్ తప్పి ఉంటుంది.

లింకు కింద గీత కూడా మన లిపితో గొడవపడుతుంది. ఇంగ్లిష్‌లో అక్షరాలు చాలావరకు గీత పైనే కూర్చుంటాయి. మనకు వత్తులన్నీ కిందే. ‘పచ్చళ్ళు’, ‘జున్ను’ అన్న మాటల మీదుగా గీత పోతే వత్తు ముక్కలై కనిపిస్తుంది. గీత తీసేయకండి, గీత లేకపోతే అది లింకు అని చాలామందికి తెలియదు. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో ‘టెక్స్ట్ అండర్‌లైన్ ఆఫ్‌సెట్’ అని ఒకటుంది, మాటల మధ్య ఖాళీ బదులు అడ్డగీతలతో రాస్తారు. దానికి 0.3 ఈఎం (అక్షరం సైజును బట్టి ఉండే కొలత) దాకా ఇచ్చి చూడండి, గీత కాస్త కిందికి జరుగుతుంది. మీరు వాడిన ఫాంట్‌ను బట్టి అంకె కొద్దిగా అటూ ఇటూ మార్చుకోవాలి.

ప్రతి లింకుకూ కొత్త ట్యాబ్ తెరిచేలా ‘టార్గెట్ బ్లాంక్’ పెట్టారు. మా సైటు వదిలి వెళ్ళిపోతారేమో అన్న భయంతో అందరూ ఇలా చేస్తారు. నా సలహా, తీసేయండి. ఫోన్‌లో చూసేవాళ్ళు వెనక్కి రావడానికి బ్యాక్ నొక్కుతారు. కొత్త ట్యాబ్‌లో కొన్నిసార్లు అది మీ పేజీకి తీసుకురాదు. నాలుగు నొక్కులకు నాలుగు ట్యాబులు పోగవుతాయి. మీ ధరల పేజీ చూసి మళ్ళీ ఆర్డర్ పేజీకి రావడం సులువుగా ఉంటే మనిషి తనంతట తానే వస్తారు.

మీ ధరల పేజీ పొడవుగా ఉంది. పంచదార రేకులు, బెల్లం రేకులు, డ్రైఫ్రూట్ రేకులు కిందికి కిందికి ఉన్నాయి. ఎవరైనా బెల్లం రేకుల ధర అడిగితే నేరుగా అక్కడికే పంపించవచ్చు. బెల్లం రేకుల శీర్షిక ట్యాగ్‌లో ‘ఐడీ’ ఈక్వల్, కోట్స్ మధ్య ‘బెల్లం’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాయండి. ఒక పేజీలో ఒక ఐడీ ఒక్కసారే ఉండాలి. ఇక లింకులో పేజీ చిరునామా తర్వాత # గుర్తు పెట్టి అదే పేరు రాస్తే పేజీ తెరుచుకుని సరిగ్గా ఆ శీర్షిక దగ్గరికి వెళ్తుంది. వాట్సాప్‌లో అడిగినవాళ్ళకు ఈ లింకు ఒక్కటి పంపండి, పట్టిక మొత్తం మళ్ళీ టైప్ చేసే పని తప్పుతుంది.

ఇక క్యూఆర్ కోడ్. అసలు మీ ఉత్తరంలో నన్ను తొందరపెట్టింది ఇదే. క్యూఆర్ కోడ్ కూడా లింకే, కాకపోతే అచ్చయిన లింకు. పేజీలో తప్పుంటే సాయంత్రానికి దిద్దుకోవచ్చు. డబ్బా మీద పడ్డాక దిద్దడం కుదరదు.

404 అనేది అసలు ఎందుకుందో తెలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1989లో టిమ్ బెర్నర్స్‌లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తూ వెబ్ ఆలోచనను కాగితం మీద పెట్టారు, 1991 నాటికి అది బయటి ప్రపంచానికి అందింది. ఆయన పెట్టిన పద్ధతిలో లింకు ఒకవైపే ఉంటుంది. వికీపీడియా వ్యాసానికి లింకు ఇవ్వడానికి మీరు ఎవరి అనుమతీ అడగలేదు, మీరు లింకు ఇచ్చినట్టు వాళ్ళకు తెలియదు కూడా. వెబ్ ఇంతగా పెరగడానికి ఆ స్వేచ్ఛే పెద్ద కారణం. దానికి మనం కట్టే మూల్యం ఏమిటంటే, అవతలి పేజీని తీసేసినా పేరు మార్చినా మన లింకుకు కబురు రాదు. నొక్కినవాళ్ళకు 404 మాత్రం వస్తుంది. ఆయనే 1998లో రాసిన ఒక వ్యాసంలో, మంచి చిరునామాలు మారకూడదని, పేజీకి పేరు పెట్టేటప్పుడే ఏళ్ళ తరబడి నిలిచేలా ఆలోచించాలని గట్టిగా చెప్పారు.

మీ డబ్బాను ఎవరో ఇంటికి తీసుకెళ్తారు. రేకులు అయిపోతాయి, డబ్బాలో పోపు గింజలో, దారపు ఉండలో పెట్టుకుంటారు. రెండేళ్ళ తర్వాత ఇంట్లో పెళ్ళి వచ్చి, ఆ కోడ్ మీద ఫోన్ పెడతారు. అప్పుడు పేజీ తెరుచుకోవాలి. అందుకని క్యూఆర్‌లో ‘ధరలు’ లాంటి లోపలి పేజీ పెట్టకండి, సైటు మొదటి పేజీ చిరునామా పెట్టండి. ఇప్పుడు మీది ఉచిత హోస్టింగ్ వాళ్ళు ఇచ్చిన పేరు. ప్రింటింగ్‌కు ముందే సొంత డొమైన్ పేరు, అంటే మీ సైటుకే చెందిన పేరు, కొనుక్కోండి, అప్పుడు హోస్టింగ్ మారినా చిరునామా మీదే. ఏటా దాన్ని రెన్యూ చేయించడం మాత్రం మర్చిపోవద్దు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. క్యూఆర్ ఉచితంగా చేసిపెట్టే సైట్లలో కొన్ని మీ చిరునామా బదులు వాళ్ళ పొట్టి చిరునామాను కోడ్‌లో పెడతాయి. ఆ సేవ ఆగిపోయిన రోజు మీ డబ్బాలన్నీ మూగబోతాయి. కోడ్ చేయించాక ఫోన్‌తో స్కాన్ చేసి, తెరవడానికి ముందు తెర మీద కనిపించే చిరునామా అక్షరం అక్షరం మీదేనా అని చదవండి.

అన్నీ దిద్దాక పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి చూడకండి, అక్కడ మళ్ళీ అన్నీ బాగానే కనిపిస్తాయి. నెట్‌లో ఉన్న సైటు తెరిచి, ప్రతి లింకు మీదా మౌస్ పెట్టి, నొక్కకుండా ఆగండి. తెర కింద ఎడమ మూలలో ఆ లింకు ఎక్కడికి వెళ్తుందో చిరునామా కనిపిస్తుంది. అందులో ‘ఫైల్’ అన్న మాట గానీ, సీ డ్రైవ్ గానీ, రెండు సైట్ల పేర్లు గానీ ఉన్నాయేమో చూడండి. ఫోన్‌లో అయితే లింకును కాసేపు నొక్కిపట్టుకుంటే అదే చిరునామా పైకి వస్తుంది. తర్వాత మామయ్యకు ఫోన్ చేసి, ఆయన మొబైల్‌లో ఒక్కో లింకూ నొక్కమని, ఏం తెరుచుకుందో చదివి చెప్పమని అడగండి. మీరు కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ రండి. చివరి టిక్కు కూడా పడ్డాకే డబ్బాలు ప్రింటింగ్‌కు ఇవ్వండి.